ముందు మీరు పెట్టండి పెద్దమ్మా

కెప్టెన్ తావోన్ నాకు సాయంత్రం నాలుగింటి దాకా గడువిచ్చాడు. నాలుగు దాటితే ప్రనోమ్ అక్కను స్టేషన్‌కు తీసుకుపోయి మోసం కేసు పెడతానన్నాడు. ఆ గడువు కూడా నా మీద ప్రేమతో ఇచ్చింది కాదు. అక్క తన దుకాణంలోనే కూర్చుని కడసారి అన్నం తిని వస్తానంది, ఆయనకూ ఆకలేసింది, అంతే.

మా కోరాట్ ఊరి కంప్యూటర్ బజారు మూడో అంతస్తులో ఉంది ఆ దుకాణం. సరుకంతా అట్టపెట్టెల్లోకి ఎత్తి పోలీసు టేపు చుట్టారు. ఖాళీ అరల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అక్క, కాపలాకు పెట్టిన కుర్ర కానిస్టేబుల్‌ను తిన్నావా బాబూ అని అడుగుతోంది. నేను వెళ్ళగానే ముందు పోలీసులను మెచ్చుకుంది. పెట్టెలు ఎంత జాగ్రత్తగా సర్దారో, ఒక్క డిస్కు కూడా కింద పడెయ్యలేదట, ఇంత మంచివాళ్ళు దొరకడం తన అదృష్టమట. తనను పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకు దణ్ణం పెట్టే మనిషిని నేను ఈవిడనే చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా మంటకు కారణముంది. పల్లె నుంచి వచ్చి హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలో చేరిన రోజున, కళ్ళు తప్ప ఏమీ కనపడని తెల్ల తొడుగులో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ నా పక్కకు వచ్చి నిలబడింది ప్రనోమ్ అక్క. డిస్కును ఎలా పట్టుకోవాలో, దాని చప్పుడును ఎలా వినాలో, మంచిదేదో తప్పుదేదో ఎలా పరీక్షించాలో ఆవిడే నేర్పింది. తర్వాత నేను ఫ్యాక్టరీ వదిలి ఈ నేరపరిశోధనల పనిలోకి దిగినప్పుడు, ఊళ్ళో అందరూ నవ్వితే, నా దగ్గరకు మొదటి కేసు పంపించిందీ ఆవిడే. ఇప్పుడు నన్ను ఉబోన్ గారూ అని పిలిచేవాళ్ళంతా ఆవిడ పెట్టిన భిక్ష. అలాంటి మనిషి దొంగ సరుకు అమ్మిందంటే నేను నమ్మను. నమ్మకపోతే చాలదు, నాలుగింటిలోగా రుజువు చెయ్యాలి.

కేసు చూడ్డానికి చాలా తేలిక. ఊరి చివరి ఆసుపత్రివాళ్ళకు ఎక్స్‌రేలు, స్కానింగ్ బొమ్మలు దాచుకోవడానికి పెద్ద హార్డ్ డిస్కులు కావలసివచ్చాయి. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు ప్రనోమ్ అక్క, రెండోవాడు ఇదే అంతస్తులో దుకాణమున్న విరుత్. ఇద్దరి డిస్కుల మీదా ఒకే పేరు, ఒకే సైజు. సరే, వేగం చూసి కొంటామన్నారు ఆసుపత్రివాళ్ళు. అందరి ముందూ ఒకే బొమ్మల గుత్తిని రెండింట్లోకీ కాపీ చేసి చూశారు. అక్క డిస్కు అరగంట దాకా ఈడ్చింది. విరుత్ డిస్కు ఐదు నిమిషాల్లో ముగించింది. ఒకే రకం సరుకులో ఇంత తేడా ఉంటే ఒకటి నకిలీ అయ్యుండాలి కదా, నెమ్మదిగా పోయిందే నకిలీ అని తేల్చేశారు. ఆసుపత్రి ఫిర్యాదు చేసింది, బజారు సంఘం అక్క పేరు కొట్టేసింది.

ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. అక్క పొడిపొడిగా చెప్పింది. మధ్యలో ఒక్కచోట మాత్రం ముఖం వెలిగింది.

"విరుత్ ఎంత మర్యాదస్తుడే! వాడి పేరే ముందు పిలిచారు. వాడు లేచి నాకు చేతులు జోడించి, 'ముందు మీరు పెట్టండి పెద్దమ్మా' అన్నాడు. ఈ రోజుల్లో ఎవరంటారు?"

"నీ డిస్కు అలా ఈడుస్తుంటే నీకేమీ అనుమానం రాలేదా అక్కా?"

ఆవిడ పక్కనున్న అర మీద దుమ్ము తుడిచింది. ఓడిపోయాను, ఓడితే ఏమవుతుందిలే అని గొణిగి, విరుత్ పిల్లాడిని ఇందులోకి లాగొద్దని నన్నే బతిమాలింది. డిస్కును చేత్తో తడిమి దాని జబ్బు చెప్పగల మనిషి, తన డిస్కు మీదే నకిలీ అని ముద్ర వేస్తుంటే నోరెత్తలేదు. అది నాకు మింగుడు పడలేదు.

విరుత్ దుకాణం అదే వరస చివర. ముప్పై ఏళ్ళుంటాయి, చక్కగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. గోడ మీద గురుపూజ నాటి ఫోటో వేలాడుతోంది. అందులో వాడు మల్లెదండ పట్టుకుని అక్క పాదాల దగ్గర వంగి ఉన్నాడు. అక్క ఫ్యాక్టరీ మానేసే ముందు వాడూ ఆవిడ చేతి కిందే పని నేర్చుకున్నాడు. నేను వెళ్ళేసరికి స్టీలు గిన్నెలు దొంతరగా పేరుస్తున్నాడు. అక్కకు అన్నం పట్టుకెళ్తున్నాడట. ఇదయ్యాక ఆవిడ ఖర్చులన్నీ తనే చూసుకుంటానని కూడా అన్నాడు, కళ్ళల్లో తడి కనపడేట్టు.

నీ పేరు ముందు పిలిస్తే ఎందుకు వదులుకున్నావని అడిగాను.

"పెద్దావిడ పక్కనుండగా నేను ముందు ఎలా పెడతానక్కా? అన్నం దగ్గరైనా పెద్దవాళ్ళు చెయ్యి పెట్టాకే మనం పెడతాం."

"ఒకవేళ నువ్వే ముందు పెట్టి ఉంటే?"

వాడు గిన్నె మూత బిగిస్తూ తలెత్తలేదు. "ఆవిడే ఏమీ అనలేదు. మీకెందుకక్కా?"

అప్పుడు వాడి మీద మొదటిసారి నా చూపు నిలిచింది. ఏ తప్పూ లేనివాడైతే, అనడానికి ఏముందక్కా అంటాడు. ఆవిడ ఏమీ అనలేదు అన్నాడంటే, అనడానికి ఏదో ఉందని వాడికి తెలుసు. ఆలస్యమవుతోందంటూ వాడు గిన్నెలు తీసుకుని అక్క దుకాణం వైపు వెళ్ళాడు. నేను మెట్లు దిగి ఆసుపత్రికి బయల్దేరాను.

ఆసుపత్రి కంప్యూటర్ గది చిన్నది, చలికి పళ్ళు కొట్టుకుంటాయి. దాన్ని చూసుకునే మానిత్ స్వెట్టర్ వేసుకుని ఉన్నాడు. నాకన్నా ముందే కెప్టెన్ తావోన్ వచ్చి పళ్ళపుల్ల నములుతూ కుర్చీలో వాలి ఉన్నాడు. నేను ఎక్కడ ఏం చెడగొడతానోనని వచ్చాడు. పోయినేడు ఒక ఇన్సూరెన్స్ కేసులో ఆయన పట్టుకున్న దొంగను నేను విడిపించాను. ఆ మంట ఇంకా ఆరలేదు.

"ఒకే బొమ్మలు, ఒకే కేబుల్, ఒకే గడియారం. ఇంతకన్నా న్యాయంగా ఏ కోర్టైనా చూస్తుందా?" అన్నాడు.

"ఒకే గడియారమే. కానీ ఒకరి తర్వాత ఒకరు పెట్టారు కెప్టెన్ గారూ."

"రెండూ ఒకేసారి ఎలా పెడతారు? ఫ్యాక్టరీలో మరలు బిగించిన చేతులు కేసులు కూడా విప్పుతాయేంటి?"

"మీరు అడ్డంగా బిగించినవే విప్పుతున్నాను."

మానిత్ నవ్వు రాకుండా కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. నేను అతన్ని ఒక్కటే అడిగాను. మొదటి డిస్కు అయ్యాక, రెండోది పెట్టే ముందు ఈ కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశారా? లేదన్నాడు. ఎందుకు ఆపాలని ఎదురడిగాడు. సరిగ్గా అక్కడే ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళంతా పప్పులో కాలేశారు.

పరీక్ష రోజు వాడిన డిస్కులు రెండూ బీరువాలోంచి తీయించాను. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపించి మళ్ళీ వేయించాను. అవే బొమ్మలు, అదే కేబుల్. ఈసారి విరుత్ డిస్కు ముందు పెట్టమన్నాను.

అది నత్తలా కదిలింది. పళ్ళపుల్ల మొదట ఎడమ దవడకు మారింది, తర్వాత కుడి దవడకు, తర్వాత చెత్తబుట్టలోకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో పరుగు ముగించిన ఆ వీరుడు, అరగంట దగ్గరపడుతుండగా ఆపసోపాలు పడుతూ ముగించాడు. వెంటనే అక్క డిస్కు పెట్టమన్నాను. మానిత్ టీ తెచ్చుకోవడానికి లేచి, తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు, ఎందుకంటే అప్పటికే అయిపోవచ్చింది.

కెప్టెన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అర్థమయ్యేట్టు చెప్పమన్నాడు, అదీ కాస్త మర్యాదగా.

చెప్పాను. ఇద్దరు మనుషులు బిందెలు పట్టుకుని వచ్చారనుకోండి. మొదటివాళ్ళు బావిలోంచి తోడుకోవాలి. తోడేటప్పుడు పక్కనున్న తొట్టి కూడా నిండుతుంది. రెండోవాళ్ళు వచ్చి తొట్టిలో ముంచుకుపోతారు. ఈ ఆసుపత్రి పాత కంప్యూటరే ఆ బావి. దాని ముసలి డిస్కులోంచి వేల బొమ్మలు ఏరుకు రావడానికే మొదటిసారి అరగంట పడుతుంది. అలా తీసినవాటిని అది తన మెమరీలో ఉంచుకుంటుంది. రెండోసారి అడిగితే అక్కడి నుంచే గబగబా ఇచ్చేస్తుంది. ఆ రోజు వీళ్ళు కొలిచింది ప్రనోమ్ అక్క డిస్కు వేగం కాదు, తమ పాత కంప్యూటర్ ముసలితనం. పెద్దరికమిచ్చి ముందు పెట్టించినవాడికి ఈ సంగతి తెలుసు.

తావోన్ చాలాసేపు ఆ తెర వంక చూశాడు. మొండివాడే గానీ గుడ్డివాడు కాదు. ఆవిడ మీద కేసు లేదన్నాడు. ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మనిషికి నేను మొదటిసారి మనస్ఫూర్తిగా చేతులు జోడించాను, ఆయన ఇబ్బందిగా కదిలాడు. బయటికెళ్ళి అక్కకు ఫోన్ చేశాను.

నేను గెలిచినట్టు చెబుతుంటే అక్క ఏమీ ఆశ్చర్యపోలేదు. విరుత్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడంటూ గొంతు తగ్గించింది.

"నాకు తెలుసే ఉబోన్. వాడు ముందు నన్ను పెట్టమన్నప్పుడే తెలుసు. రెండోది ఎప్పుడూ పరిగెడుతుంది, మధ్యలో మెషిన్ ఆపమని వాడికి నేర్పిందే నేను."

తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. అక్క చెప్పింది. పెద్ద వరదొచ్చిన ఏడు ఫ్యాక్టరీ కప్పు మీద తను రెండు రాత్రులు చిక్కుకుపోయిందట. పడవ మునిగితే, మెడ దాకా నీళ్ళల్లో తనను భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చింది విరుత్ తండ్రి. ఆయనకు ఆ నీళ్ళ జ్వరం పట్టుకుని మరి లేవలేదు. ఆయన కొడుకు ఒక బేరం కోసం ఎత్తు వేస్తే, పోనీలే, ఒక్క బేరమేగా అనుకుందట. పోలీసుల దాకా వస్తుందని తనూ అనుకోలేదు, వాడూ అనుకోలేదు.

"నన్ను వదిలేశారుగా, చాలు. వాడి జోలికి పోకు. నేను నీకేదైనా చేశానని నువ్వు అనుకుంటే, నాకు ఈ ఒక్కటీ చెయ్యి."

ఇంతకాలానికి ఆవిడ నన్ను ఒకటి అడిగింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. సరే అక్కా అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

గదిలోకి వచ్చి నా సంచి తీసుకున్నాను. కానీ కాలు కదల్లేదు. సరుకు సమానమైతే ఇంత నాటకం ఎందుకు? రెండూ ఒకే డిస్కులైతే, పరీక్షలో సమంగా వస్తాయి, ధర దగ్గర తేల్చుకోవచ్చు. అక్క డిస్కు నకిలీ అనిపించేంత దూరం ఎవడెళ్తాడు? తన డిస్కు వైపు ఎవరూ రెండోసారి చూడకూడదనుకున్నవాడు వెళ్తాడు.

సంచి కింద పెట్టి, మళ్ళీ కూర్చున్నాను. ఫ్యాక్టరీలో మా లైను చివర చేసే పరీక్ష ఒకటుంది. హార్డ్ డిస్కు లోపల గుండ్రటి రేకు తిరుగుతుంటుంది. తిరగలి రాయిని చూడండి, ఒక్క చుట్టులో అంచు చాలా దూరం పోతుంది, మధ్యభాగం కొంచెమే కదులుతుంది. అందుకని డిస్కు నింపడం మొదలయ్యే అంచు దగ్గర వేగం ఎక్కువ, చివర మధ్యకు వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోతుంది. ఎంత ఖరీదైన డిస్కైనా అంతే. ముందు అక్క డిస్కును చూశాను. మొదట్లో జోరుగా ఉంది, నడుమ తగ్గింది, చివర బాగా తగ్గింది. బుద్ధిగా ఉండవలసినట్టే ఉంది.

విరుత్ డిస్కు మొదట్లో ఎంత వేగమో, నడుమ అంతే వేగం. చివరా అంతే.

"మంచిదే కదా, ఎక్కడా తగ్గలేదు," అన్నాడు కెప్టెన్.

"తగ్గకపోవడమే రోగం. ఇది చివరకు వెళ్ళడం లేదు. చివర చూపించమంటే మళ్ళీ మొదటికే తిరిగొచ్చి దాన్నే చూపిస్తోంది."

లోపలున్నది ఎక్కడో పారేసిన పాత చిన్న డిస్కు. పైన పెద్ద డిస్కు లేబుల్ అంటించి, అంత పెద్దదాన్నని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేట్టు దాని బుర్ర మార్చేశారు. లెక్క చూస్తే పైన రాసిన చోటులో నాలుగో వంతు కూడా లోపల లేదు. అది నిండాక ఆగిపోదు. చడీచప్పుడూ లేకుండా మొదటికొచ్చి, ముందు దాచినవాటి మీదే కొత్తవి రాసేస్తుంది.

మానిత్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనక అరలో ఆకుపచ్చ దీపాలు టకటకా కొట్టుకుంటున్నాయి. విరుత్ దగ్గర కొన్న డిస్కులన్నీ అక్కడే ఉన్నాయి. నిన్నటి నుంచి పాత రోగుల బొమ్మలన్నీ వాటిలోకి తరలిస్తున్నాడట. వేగం పరీక్ష కోసం ఆపినదాన్ని, నేను ఫోన్ కోసం బయటికెళ్ళినప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడట. పాత కంప్యూటర్‌లో చోటు చాలక, ఇటు వెళ్ళినవి వెళ్ళినట్టే అటు చెరిగిపోయేట్టు పెట్టాడట. ఆపమని అరిచాను. అతను మౌస్ కోసం తడుముకుంటుంటే నేనే ఆపాను. మొదట వెళ్ళిన పేర్లలో ఒకదాన్ని తెరిచి చూపించమన్నాను. ఎవరిదో రొమ్ము స్కానింగ్ ఉండాలట అక్కడ. బూడిదరంగు చారలు వచ్చాయి.

నేను అక్కకు ఇచ్చిన మాట తడి ఇంకా నా నోట్లో ఆరలేదు. ఆ మాట తప్పడానికి ఆవిడ దగ్గరే సెలవు తీసుకోవాలి. కెప్టెన్ కూడా వినేట్టు ఫోన్ బల్ల మీద పెట్టి పిలిచాను. విరుత్ పక్కనే ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు, పంపరపనస తొనలు ఒలిచి పెడుతున్నాడంది. అప్పుడు చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా.

అవతల పళ్ళెం పక్కకు నెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత అక్క మాట్లాడింది, నాతో కాదు.

"మీ నాన్న నన్ను మోసుకొచ్చాడు బాబూ. ఆ ఋణం నాది. నా బేరం పోయినా, నా పేరు పోయినా, తీరనీ అనుకున్నాను. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు నీకేం ఋణపడ్డారు?"

"ఫోన్ పెట్టెయ్యండి పెద్దమ్మా," అన్నాడు విరుత్. గొంతులో మర్యాద అలాగే ఉంది. కుర్చీ గట్టిగా జరిగిన చప్పుడు వచ్చింది.

తావోన్ అప్పటికే లేచి కానిస్టేబుల్‌కు ఫోన్ కొడుతున్నాడు. ఆ కుర్రాడు కింద నూడుల్స్ బండి దగ్గర ఉన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అక్కే పంపించిందట. ఆ మూడు అంతస్తులూ పరిగెత్తమని తావోన్ అరుస్తున్నాడు. ఇంతలో నా ఫోన్‌లో ఇనుము గరగరలాడుతూ కిందికి దిగిన చప్పుడు, దాని వెనకే తాళం పడిన చప్పుడు వినిపించాయి.

"ఉబోన్," అంది అక్క, కొంచెం ఆయాసపడుతూ. "వీడు పారిపోకుండా షట్టర్ దించేశాను. వీడికి డిస్కులు ఎవరిస్తున్నారో, ఇంకెన్ని ఆసుపత్రులకు వెళ్ళాయో అడుగుతున్నాను. కెప్టెన్ గారిని తొందరగా రమ్మను. నువ్వు చేసినదానికి నీకు చాలా థాంక్స్ అమ్మా."

నేను ఫోన్ చెవిన పెట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను అప్పటికి. సగం దిగాక గాని నాకు తట్టలేదు, ఆవిడ ఆ షట్టర్‌ను లోపలి నుంచి దించింది.